కోరస్ కదలరాదు

డిగ్రీ కళాశాలలో ఆంగ్లం బోధించిన కాలమంతా నేను ఒక పాత గ్రీకు విషాద నాటకాన్ని ఏటేటా పాఠంగా చెప్పాను. కథ చిన్నది. ఇద్దరు అన్నదమ్ములు యుద్ధంలో ఒకరినొకరు చంపుకుంటారు. రాజు ఒకరికి సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించి, రెండవవాడు ద్రోహి కనుక అతని శవాన్ని ఎవరూ ముట్టరాదని ఆజ్ఞాపిస్తాడు. చెల్లెలు ఆ ఆజ్ఞను లెక్కచేయక అన్న మీద మట్టి వేస్తుంది. రాజు ఆమెకు మరణశిక్ష విధిస్తాడు. ఊరి పెద్దల బృందం ఒకటి పక్కన నిలబడి ఇదంతా చూస్తుంది. దానిని కోరస్ అంటారు. కోరస్ పాడుతుంది, హెచ్చరిస్తుంది, నిట్టూరుస్తుంది, అంతే. ‘కోరస్ కదలరాదు’ అన్న వాక్యాన్ని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, స్కేలు పెట్టి దాని కింద గీత గీసేవాణ్ణి. గీత వంకరపోతే చెరిపి మళ్లీ గీసేవాణ్ణి.

ఇన్నేళ్లు చెప్పిన ఆ నాటకాన్ని రంగస్థలం మీద నేను ఒక్కసారి కూడా చూడలేదు. జహీరాబాద్‌లో నాటకాలు లేవని కాదు. వినాయక చవితి పందిళ్లలో చాలా చూశాను. వాటిలో చచ్చినవాళ్లు కూడా చివరికి లేచి హారతి తీసుకునేవారు. నా కోరిక వేరు. ఒక విషాద నాటకం మొదటి మాట నుంచి చివరి వాక్యం వరకు, మధ్యలో ఎవరూ టీ కోసం లేవకుండా, సక్రమంగా, మా ఊరిలో నా కళ్ల ముందు జరగాలి. చివరి వాక్యం తరువాత హాలంతా నిశ్శబ్దంగా ఉండాలి. ఆ నిశ్శబ్దాన్ని నేను వినాలి. పాఠ్యగ్రంథాలన్నీ దానిని గురించి గొప్పగా రాశాయి. అది ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు.

పదవీ విరమణ చేసిన తరువాత తీరిక దొరికి, పడమటి దేశాలలో ఈ మధ్య వస్తున్న పుస్తకాలు కొన్ని తెప్పించుకుని చదివాను. ఆ పాత నాటకాన్ని నేటి కథగా తిరిగి రాయడం అక్కడ వాడుకగా మారింది. నేను చదివినవాటిలో ఒక సంగతి నన్ను ఆకర్షించింది. చెల్లెలు పాత్ర తరచుగా ముస్లిం యువతిది. రాజు స్థానంలో మంత్రి గానీ నగరాధ్యక్షుడు గానీ ఉంటాడు. చనిపోయిన సోదరుణ్ణి ఏ దేశపు మట్టిలో పెట్టాలన్నది తగాదా. ప్రభుత్వానికి తలవంచని విశ్వాసం ఒకటి ఉంటుందని గ్రీకువారు చూపదలచినప్పుడు పాతాళ దేవతల ధర్మాన్ని తెచ్చారు. నేటి ఐరోపా రచయితకు అదే అవసరం వచ్చినప్పుడు ఇస్లాం గుర్తుకు వస్తున్నది. దేవతలు ఖాళీ చేసిన ఆసనంలో ఆ మతాన్ని కూర్చోబెట్టారు. గౌరవంతోనే కావచ్చు, భయంతోనూ కావచ్చు. ఈ అభిప్రాయాన్ని వ్యాసంగా రాసి, శుభ్రంగా ప్రతి తీసి, నా మిత్రుడికి ఇచ్చాను.

ఆయన మా కళాశాలలోనే చరిత్ర బోధించి నాకంటే ముందే విరమించారు. స్టాఫ్‌రూంలో మా బల్లలు పక్కపక్కనే ఉండేవి. నా బల్ల మీద ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉండేది. ఆయన బల్ల మీద ఏమేమి ఉన్నాయో ఆయనకే తెలిసేది కాదు. ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగులో బోధించి, ఎవరు దొరికినా వాదించే మనిషి. ఆయన నన్ను సార్ అంటారు, నేను ఆయనను సాబ్ అంటాను. ఉదయం పూట ఆయన హైవే పక్కన ఉన్న అల్లుడి టైర్ల దుకాణంలో కూర్చుని పత్రికలు చదువుతారు. అక్కడ అందరూ టైర్ల మీద కూర్చుంటారు. నేను కుర్చీ తెప్పించుకుంటాను.

వ్యాసం చదివి మడిచి, కళ్లద్దాలు తీసి అన్నారు:

“మంచిగ రాసిన్రు సార్. ఒక్క ముచ్చట అడుగుత. ఈ పుస్తకాలల్ల మాకు రెండే వేషాలున్నయి. ఒకటి పీనుగ. రెండోది పీనుగ కోసం కొట్లాడే పిల్ల. కుర్సీ మీద కూసునే వేషం మాకెవరన్న ఇచ్చిన్రా?”

“రాజు చట్టానికి ప్రతీక సాబ్. అక్కడ చట్టం వారిది.”

“మరి కోరస్?”

“కోరస్ అంటే ఆ ఊరి జనం.”

“అంటే అది గూడ వాళ్లే. ఊరు అంటే మేం లెక్కకు రాము. సచ్చినంక వస్తం.”

దానికి నేను ఒక పాదసూచిక చేర్చుతానని చెప్పాను. ఆయన నవ్వారు. ఆ మీదట ఆయన చరిత్ర పాఠం మొదలైంది. ఐరోపా గ్రీకు గ్రంథాలను మరిచిపోయి ఉన్న కాలంలో వాటిని అరబ్బీలో చదివి, వ్యాఖ్యలు రాసి భద్రపరచినవారు ఎవరో నాకు గుర్తుచేశారు. అది నాకు తెలిసినదే. ఆ వ్యాఖ్యాతలలో ఒక పెద్దాయన, జీవితంలో నాటకం అన్నదే చూడనివాడు, విషాద నాటకం అంటే మంచివాళ్లను పొగిడే కవిత్వమని అర్థం చెప్పాడు. ఐరోపా విద్యార్థులు చాలాకాలం ఆ అర్థాన్నే చదువుకున్నారు. మా పాఠ్యగ్రంథాలలో దానిని నవ్వులాటగా ఉదహరిస్తారు. తరగతి గదిలో నేను నవ్వు తెప్పించిన సందర్భాలు తక్కువ. వాటిలో ఇది ఒకటి.

“నవ్వుండ్రి సార్,” అన్నారు సాబ్. “పాపం, నాటకం చూడనోడు ఇంకేం రాస్తడు? మీరు గూడ చూడలే గద ఇంతవరకు.”

లారీ టైరుకు గాలి కొట్టే శబ్దంలో ఆ మాట కలిసిపోయి ఉంటే బాగుండేది. కలవలేదు.

“చూస్తాను. మన ఊళ్లోనే ఆడించి చూస్తాను,” అన్నాను.

మా పట్టణ పాఠకుల సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. సంఘ వార్షికోత్సవంలో ప్రతి ఏడూ ఉపన్యాసాలే ఉంటాయి. ఈసారి నాటకం ఉంటుందని ప్రకటించాను. పడమటి పుస్తకాల ధోరణిలో నేనే ఒక నాటకం రాశాను. స్థలం ఐరోపాలో ఒక రేవు పట్టణం. వీధి ఘర్షణలో చనిపోయిన ఇద్దరు సోదరులలో ఒకరికి పట్టణ శ్మశానంలో చోటిచ్చిన నగరాధ్యక్షుడు, రెండవవాణ్ణి వాడి దేశానికి పంపించమంటాడు. వాడు పుట్టింది ఆ పట్టణంలోనే. చెల్లెలు ఒంటరిగా పాడెను ఈడ్చుకుంటూ వచ్చి నడివీధిలో నిలుపుతుంది. పట్టణవాసులు, అంటే కోరస్, చూస్తూ నిలబడతారు. ఆమె చివరి ప్రసంగం చేస్తుంది. ఆ ప్రసంగంలో చివరి వాక్యం కోసం నేను చాలా శ్రమపడ్డాను: “అన్నా, ఈ మట్టి వారిది కాదు, మనది కాదు, అందరికీ సరిపోయినంత ఉంది.” తరువాత నిశ్శబ్దం. తెర.

రాతప్రతి చదివిన సాబ్ కొన్ని నిబంధనలు పెట్టారు. రంగస్థలం మీద నమాజ్ ఉండరాదు. దువా ఉండరాదు. మస్జిదులో ఉండే డోలా, అంటే మయ్యత్‌ను, శవాన్ని, మోసుకుపోయే మంచం, అడగనే రాదు. శవానికి చుట్టే తెల్లని కఫన్ గుడ్డ వాడరాదు.

“ఉత్తుత్తి మయ్యత్‌కు ఉత్తుత్తి మంచమే మంచిగుంటది సార్. ఇంకో మాట. రాజు వేషం నాది.”

“మీదా?”

“పీనుగ వేషం మీరేసుకోండ్రి. నాకు కుర్సీ కావాలె.”

నిబంధనలు నాకు ఎప్పుడూ ఇష్టమే, అన్నిటికీ ఒప్పుకున్నాను. టెంట్ హౌస్ నుంచి ఒక మంచం తెచ్చి, రెండు వైపులా వెదురు బొంగులు కట్టించాం. గళ్ల దుప్పటి కప్పాం. లోపల దిండ్లు పెడితే శవం గాలికి ఊగింది. బరువు లేని శవంతో విషాదం కుదరదు. సంఘ సభ్యుడైన అల్లం వ్యాపారి ఒకాయన, పత్రిక తప్ప మరేదీ చదవని మనిషి, నిండు బస్తా ఒకటి ఇచ్చాడు.

“బస్తా మల్ల నా దుకాణంకు రావాలె సార్,” అన్నాడు. “తడి తగిలితే మురుగుతది. మీ నాటకంల వాన గిట్ల లేదు గద?”

“వర్షం లేదు.”

“అయితే తీస్కపోండ్రి.”

చెల్లెలు పాత్రకు చిరాగ్‌పల్లి నుంచి బస్సులో వచ్చే ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయురాలు దొరికింది. చర్చిలో పాటలు పాడి గొంతు సాపు చేసుకున్న అమ్మాయి. మొదటి రోజే ఆమెకు నియమాలు చెప్పాను.

“సార్, నేను ఏడ్వాల్నా?”

“ఏడవరాదు. అది ప్రేక్షకుల పని. నీవు చివరి వాక్యం వరకు ఆగకుండా చెప్పాలి. హాలు కూలినా ఆగరాదు.”

“కరెంటు పోతే?”

“చీకట్లో చెప్పాలి.”

“బస్సు టైమైతే?”

“బస్సు మరొకటి ఉంటుంది. చివరి వాక్యం మరొకటి లేదు.”

ఆమె తలూపి, ఆ మాటను రాతప్రతి అంచున రాసుకుంది. ఇటువంటి విద్యార్థులు నా కాలంలో తక్కువ.

చిక్కంతా కోరస్‌తో వచ్చింది. న్యాల్‌కల్ వైపు చెరకు వేసే రైతు ఒకరు, ట్రాక్టర్ల కర్మాగారంలో పని చేసి విరమించిన ఫోర్‌మన్ ఒకరు, మరికొందరు సంఘ సభ్యులు. పాటలు బాగానే పాడారు. నిట్టూర్పు నేర్పడానికి కొంత సమయం పట్టింది. కానీ ఆ అమ్మాయి మంచాన్ని ఈడ్చుకుంటూ రాగానే, నిలబడి చూడవలసిన మనుషులంతా ఒక అడుగు ముందుకు వేసేవారు.

“మీరు కదిలారు,” అన్నాను న్యాల్‌కల్ రైతుతో.

“నేనేడ కదిలిన సార్? కాలు కదిలింది.”

“కాలు మీది కాదా?”

“నాదే. అయితే నన్నడగలే.”

రంగస్థలం మీద సుద్దముక్కతో ఒక గీత గీశాను, స్కేలు పెట్టి. దానిని దాటరాదన్నాను. మరుసటి సాధనలో అందరి కాలివేళ్లూ ఆ గీత మీదే ఉన్నాయి. సాబ్ రాజు కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నారు.

“ఇది ఈ ఊరోళ్లతోని కాదు సార్,” అన్నారు. “ఈడ మయ్యత్ ఎదురైతే దుకాణంల ఉన్నోడు గూడ దిగి నాలుగడుగులు భుజం పెడతడు. ఏ కులమోడు, ఏ మతమోడు అని ఎవరడుగుతరు? మీరు గూడ పెట్టిన్రు గద, మా నాయనకు.”

“పెట్టాను. అది జీవితం. ఇది నాటకం.”

“మా దగ్గర పూడ్చుడు ఒక్కరి పని కాదు. ఊర్ల ఎవరో కొందరు చేస్తే అందరి బాధ్యత తీరుతది. ఎవ్వరు చెయ్యకుంటే గునా, ఆ పాపం, అందరి మీద. ఆ దేశపోళ్ల పుస్తకంల పిల్ల మాదే, పీనుగ మాదే, అయితే పిల్ల ఒంటరిది. ఆ మొహల్లా అంత ఏడికి పోయింది? రాజు తప్పు, పిల్ల ఒప్పు అని కొట్లాడుతరు. నిలబడి చూసెటోళ్ల సంగతి అడగరు.”

“అడిగినవారూ ఉన్నారు సాబ్. ఊరు కదలకపోవడమే ఆ నాటకంలోని ఘోరం. దానిని చూపడానికే కోరస్ కదలరాదు.”

“ఆ ఘోరం ఆ ఊరికి ఒప్పుతది. ఈడ ఎవ్వడు నమ్మడు.”

“నమ్మించడమే కళ.”

“మంచిది. ఎత్తినంక ఏం జేస్తరో ఫికర్ జేయండ్రి. ఒక్కసారి భుజానికెక్కితే చేరాల్సిన కాడికి చేరేదాక కింద పెట్టరు.”

ఎత్తే ప్రసక్తే లేదన్నాను. కోరస్ సభ్యులందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలని ఆజ్ఞాపించాను. చేతులు కట్టుబడితే కాళ్లు కూడా అదుపులో ఉంటాయని తరగతి గదిలో నాకు తెలిసిన సత్యం. అది పని చేసింది. సాధన చూడడానికి వచ్చిన నా భార్య, “మీ ఊరి జనం పరీక్షల కాపీ కొట్టి దొరికినట్టు నిలబడ్డరు,” అన్నది. కదలడం లేదు కదా అన్నాను. లేదని ఒప్పుకుంది.

ప్రదర్శన ఒక ఆదివారం సాయంత్రం, బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. మా ఊరి అలవాటు ప్రకారం మగవారు ఒక వైపు, ఆడవారు ఒక వైపు కూర్చున్నారు. హాలు నిండింది. గ్రీకు విషాదాన్ని గురించి క్లుప్తంగా ప్రసంగించాను. క్లుప్తత విషయంలో నా భార్య అభిప్రాయం వేరు. అనంతరం నియమాలు చదివాను. సెల్‌ఫోన్లు మోగరాదు. పిల్లలు కుర్చీల మీద నిలబడరాదు. నాటకం ముగిసే వరకు టీ కోసం గానీ, బీడీ కోసం గానీ, బస్సు కోసం గానీ ఎవరూ లేవరాదు. మనుషులు లేవడానికి అంతకుమించి కారణాలు నాకు తోచలేదు.

నాటకం నేను ఆశించినదానికంటే బాగా నడిచింది. సాబ్ తన పదవీ విరమణ సన్మానానికి కుట్టించుకున్న సఫారీ సూటు వేసుకుని కుర్చీలో కూర్చున్న తీరు చూసి నాకే కొంత భయం వేసింది. “ఈ శవం ఈ ఊరిది కాదు. దీనిని ముట్టినవాడు ఈ ఊరివాడు కాదు,” అన్నప్పుడు హాలులో గుసగుస కూడా లేదు. కోరస్ పాడింది. నిట్టూర్పు సరిగ్గా పడింది. ఆ అమ్మాయి మంచం ఈడ్చుకుంటూ వచ్చింది. వెదురు బొంగు కొస నేలకు రాసుకుని కిర్రుమన్నది. కోరస్ చేతులు వెనక్కి కట్టుకుని, సుద్దగీతకు అవతల, విగ్రహాల వలె నిలబడింది. పక్కతెర వెనుక నుంచి చూస్తూ నేను రాతప్రతిలో చివరి ప్రసంగం ఉన్న పుట తీశాను.

మగవారి వైపు ఒక కుర్చీ కదిలింది.

లేచినవాడు అల్లం వ్యాపారి. బస్తా గురించి ఆదుర్దా పడుతున్నాడని అనుకున్నాను. ఆయన నింపాదిగా నడిచివచ్చి, రంగస్థలం మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పైకెక్కాడు.

“జరుగు బిడ్డా,” అన్నాడు ఆ అమ్మాయితో. “ఒక్కదానివి ఎట్ల మోస్తవు?”

మరో వైపు నుంచి ఇంకొకాయన ఎక్కి, రెండో కొసకు చెయ్యి వేశాడు. తరువాత మరికొందరు. ఎవరూ కేకలు వేయలేదు, ఎవరూ నవ్వలేదు. వారికి అది నాటకమని తెలుసు. దుప్పటి కింద ఉన్నది అల్లమని ముందు వరుసల వారికి వాసన ద్వారా కూడా తెలుసు. అయినా ఒక ఆడపిల్ల పాడెను ఒంటరిగా ఈడుస్తుంటే కుర్చీలలో కూర్చోవడం వారికి చేతకాలేదు.

సాబ్ పాత్ర విడవలేదు. కుర్చీలోంచి లేచి చెయ్యెత్తారు.

“ఆగండి. ఇది నగరాజ్ఞ.”

“సాబ్, జర పక్కకు జరుగుండ్రి,” అన్నాడు వ్యాపారి. “మంచం కోడు తగుల్తది.”

రాజు నా వైపు చూశారు. కదలవద్దని సైగ చేశాను. ఆయన మంచం కోడు వైపు చూశారు, పక్కకు జరిగారు. రాజు జరగడం నా రచనలో లేదు.

మంచం భుజాలకెక్కింది. మెట్లు దిగింది. కుర్చీల మధ్య దారిలో ద్వారం వైపు సాగింది. అది దాటుతున్న వరుసలో మగవారు లేచి వెంట నడిచారు. నేను కోరస్ వైపు చూశాను. చేతులు వెనకే ఉన్నాయి. కళ్లు నా మీదే ఉన్నాయి. ఇంతలో న్యాల్‌కల్ రైతు కాలు, ఎప్పటి వలెనే ఆయనను అడగకుండా, గీత దాటింది. ఆ వెనుక ఫోర్‌మన్. చేతులు అలాగే వెనక్కి కట్టుకుని కోరస్ అంతా మెట్లు దిగి వెళ్లిపోయింది. నేర్పినది సగమైనా నిలిచినందుకు సంతోషించే స్థితిలో అప్పుడు నేను లేను.

మంచాన్ని వెంటనే వెనక్కి తెప్పించి, ఆగిన చోటి నుంచి నాటకాన్ని కొనసాగించాలన్న నిశ్చయంతో నేను కూడా బయటికి పరుగెత్తాను. అప్పటికే ఊరేగింపు రోడ్డెక్కింది. చెరకు లోడుతో పోతున్న ట్రాక్టరు ఒకటి వేగం తగ్గించి పక్కకు ఆగింది. ఆటోవాడు ఒకడు దిగి వచ్చాడు.

“ఎవరు పోయిన్రు కాకా?”

“ఎవ్వరు పోలే. నాటకం.”

“అట్లనా,” అని అతడు కూడా భుజం పెట్టాడు.

నేను ముందుకు వెళ్లి అడ్డం నిలిచాను.

“దించండి. హాలుకు తిరగండి. నాటకం ముగియలేదు.”

“ఏడ దించాలె సార్?” అన్నాడు అల్లం వ్యాపారి. “రోడ్డు మీద దించుతరా?”

 వెనక్కి తిప్పమని మళ్లీ అన్నాను. మయ్యత్‌ను వెనక్కి తిప్పడం ఎక్కడైనా విన్నారా అని ఒక పెద్దాయన మృదువుగా అడిగాడు. ఈ చర్చ నడుస్తుండగానే ముందు కొసన ఉన్నవాడు, పెద్దమనిషి వచ్చాడు కదా అన్న మర్యాదతో, పక్కకు తప్పుకుని చోటిచ్చాడు. వెదురు బొంగు నా భుజం మీద ఉంది. నేను తప్పుకుంటే అది కింద పడుతుంది. నడిచాను.

పచ్చి అల్లం వాసన ముక్కుకు ఘాటుగా తగులుతున్నది. కొన్ని అడుగులు వేశాక అవతలి కొసకు సఫారీ సూటు ఒకటి వచ్చి చేరింది.

“రాజుకు ఇక్కడేం పని?” అన్నాను.

“రాజ్యమంత రోడ్డు మీదికొచ్చింది సార్. ఒక్కన్నే కుర్సీల కూసోని ఎవరి మీద హుకుం జేయాలె?”

“మీరు కదలవలసింది కాదు. సైగ చేశాను.”

“కోడు తగుల్తుండె.” కొంతసేపు నడిచి ఆయనే మళ్లీ అన్నారు: “ఆ అరబ్బీ పెద్దాయన ట్రాజెడీ అంటే మంచోళ్లను పొగడుడు అని రాసిండు గద. మీరు క్లాసుల నవ్వించిన్రు.”

“అది వేరే సందర్భం.”

“వేరేదే,” అన్నారు సాబ్. “భుజం నొస్తుంటే మార్చుకోండ్రి.”

మార్చుకున్నాను.

ఎక్కడికి వెళ్లాలన్నది అప్పటికీ తేలలేదు. కూడలి దగ్గర అందరూ ఒక్క క్షణం తటపటాయించారు. అల్లం వ్యాపారి తేల్చాడు.

“నా దుకాణంకే పోదాం. ఎట్లైన అది ఆడికే పోవాలె.”

దుకాణం ముందు, తూకం కాంటా పక్కన, నాలుగు కొసలూ ఒక్కసారిగా, ఏ కుదుపూ లేకుండా మంచాన్ని దించారు. నా సాధనలలో ఏ ఒక్కటీ అంత క్రమంగా జరగలేదని ఒప్పుకోవాలి. వ్యాపారి దుప్పటి తొలగించి, బస్తాను అన్ని వైపులా చేత్తో తడిమి చూశాడు.

“తడి తగల్లే,” అన్నాడు తృప్తిగా.

జనం విడిపోయింది. నేను వీలైనంత వేగంగా హాలుకు తిరిగి వచ్చాను. ఆ అమ్మాయి రంగస్థలం మీద ఆగిపోయి ఉంటుంది. మగవారందరినీ మళ్లీ కూర్చోబెట్టి చివరి ఘట్టాన్ని మొదటి నుంచి ఆడిస్తే సరిపోతుంది. ఇదీ నా ఆలోచన. ద్వారం దగ్గరకు వచ్చేసరికి ఆడవారు బయటికి వస్తున్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. నా భార్య మెట్ల మీద ఉంది.

“ఏడికి పోయిన్రు?” అన్నది. “అయిపోయింది.”

“ఏమిటి అయిపోయింది?”

“నాటకం.”

ఆడవారు ఎవరూ లేవలేదట. మయ్యత్ వెంట ఆడవారు నడిచే వాడుక ఇక్కడ లేదు కదా. కుర్చీలలో అలాగే కూర్చున్నారు. మగవారి వైపు ఖాళీ అయింది. ఆ అమ్మాయి ఆ ఖాళీ కుర్చీల వైపు కొంచెంసేపు చూసి, ఆడవారి వైపు తిరిగి, ప్రసంగం మొదలుపెట్టిందట.

“అంతా చెప్పిందా?”

“మొత్తం చెప్పింది. ఒక్క మాట గూడ తడబడలే.”

“చివరి వాక్యం తరువాత?”

“ఎవ్వరు సప్పుడు జెయ్యలే. చంకల పిల్లలు గూడ ఏడ్వలే. శానసేపు అట్లనే ఉంటిమి.” ఆమె నా ముఖం చూసింది. “మంచిగుండె. మీరు చెప్పినట్టే ఉండె.”

ఆ అమ్మాయి చేతిసంచి సర్దుకుని మా దగ్గరికి వచ్చింది. ముఖం మీద రంగు ఇంకా తుడుచుకోలేదు.

“సార్, నేను ఆగలే. హాలు సగం బైటికి పోయినా ఆగలే. మంచిగ చెప్పిన్నా?”

“నేను వినలేదమ్మా.”

“మీరెక్కడున్నరు సార్?”

“కోరస్‌ల ఉండె,” అన్నారు సాబ్, నా వెనుక నుంచి.

ఆమె బస్సు వచ్చే సమయమైంది. మేమిద్దరం వెంట వెళ్లి ఆమెను ఎక్కించి వచ్చాం. తిరిగి వస్తూ సాబ్, వచ్చే సంవత్సరం మళ్లీ ఆడదామా అని అడిగారు. ప్రేక్షకులకు కూడా సాధన పెట్టవలసి ఉంటుందన్నాను. ఆయన ఆ మాటకు చాలాసేపు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. భుజం మీద వెదురు బొంగు అచ్చు పడింది. నా భార్య అన్నం వడ్డించింది.

“చివరి వాక్యం ఎలా చెప్పిందో ఒకసారి చెప్పు,” అన్నాను.

“నాకు మీ లెక్క చెప్పుడు రాదు.”

“వచ్చినట్టు చెప్పు.”

ఆమె చారు గిన్నె పట్టుకుని, కొంచెం ఆలోచించి, గోడ వైపు చూస్తూ అన్నది:

“అన్నా, గీ మట్టి వాళ్లది గాదు, మనది గాదు, అందరికి సరిపోయేంత ఉన్నది.”

చారు పోయబోయింది. ఆగమన్నట్టు చెయ్యి చూపాను. గరిటె అలాగే గాలిలో ఆగింది. బయట హైవే మీద లారీ ఒకటి పోయింది. దాని తరువాత కొంతసేపు ఏదీ పోలేదు.

“చల్లగైతది,” అన్నది నా భార్య.

చెయ్యి దించాను. ఆమె చారు పోసింది.